నా సీటు పోయినందుకు కృతజ్ఞత కూడిక

మా ఇంట్లో కారు ముందు సీటు గురించి నాకు చిన్నప్పటి నుంచీ ఒక ఫిర్యాదు ఉంది.

సొంత కారు మాకెప్పుడూ లేదు. పెళ్లికో, ఆసుపత్రికో, ఎవరినైనా సమాధి చేసే రోజుకో జమ్మలమడుగులో ఒక బాడుగ కారు మాట్లాడుకుంటాము. అందులో డ్రైవరు పక్క సీటు మా పెదనాయనది. ఆయన మా నాయనకు అన్న. పులివెందులలో గుమాస్తాగా చేసి రిటైరయ్యి అక్కడే ఉండిపోయాడు. ఆ సీటు ఆయనకు ఎవరూ రాసివ్వలేదు. అయినా ఆయన రాని రోజు కూడా అందులో కూర్చోవడానికి మా వాళ్లకు ధైర్యం చాలదు, చేతిసంచి పెడతారు. ఆయన వచ్చిన రోజు మాత్రం ఎక్కీ ఎక్కగానే నిద్రపోతాడు. కొండలు, చీనీతోటలు, ఎదురొచ్చే లారీలు అన్నీ ఆయన మూసిన కళ్ల ముందు నుంచి దండగగా పోతుంటాయి. వెనక మేము ఒకరి మీద ఒకరం, మా అందరి మీద టిఫిను క్యారియరు. నాకు బస్సూ పడేది కాదు, కారూ పడేది కాదు, వాంతులు. ముందు కూర్చుంటే తగ్గుతుందని ఆసుపత్రిలో నర్సమ్మ చెప్పింది. ఆ మాట ఇంట్లో చెబితే మా నాయన చాలాసేపు ఆలోచించి, నా చేతికి ఒక ప్లాస్టిక్ కవరు ఇచ్చాడు.

కొత్త కార్లు వచ్చాక, బెల్టు పెట్టుకోకపోతే బండి కీచుకీచుమని అరవడం మొదలుపెట్టింది. పెదనాయన దానికి లొంగలేదు. బెల్టును తన వీపు వెనక నుంచి లాగి, కొక్కెంలో టక్కుమని గుచ్చి, దాని మీదే ఆనుకొని పడుకుంటాడు. "దానికి కావాల్సింది ఆ సప్పుడే గదా, ఇచ్చినాం" అంటాడు. బండి నమ్ముతుంది. ఆయన క్షేమంగా ఉన్నాడని దాని ఉద్దేశం.

ఈ ఫిర్యాదుకు నేను కనుక్కున్న పరిష్కారం కొంచెం పెద్దది. మెట్రో రైలు డ్రైవరునయ్యాను.

ఏ నగరంలోనో చెప్పను. మా డిపోలో తెలుగు చదివేవాళ్లు ఇద్దరున్నారు, ఇద్దరూ నాకంటే పై ఉద్యోగంలో ఉన్నారు. నేను ప్రొద్దుటూరులో ఇంజనీరింగు చదివాను, రోజూ జమ్మలమడుగు నుంచి బస్సులో పోయి వస్తూ, కవరు చేతిలో పట్టుకొని. నాతో చదివినవాళ్లంతా సాఫ్ట్‌వేరుకు పోయారు. నేను పోలేదు. ఆ సాఫ్ట్‌వేరే కొన్నేళ్ల తర్వాత నన్ను వెతుక్కుంటూ నా రైలు దాకా వచ్చింది.

మాది దొరల కాలంలో క్రైస్తవ మిషనులో కలిసిన కుటుంబం. అప్పటి నుంచి మా వంశంలో అయ్యవార్లు, నర్సులు, కాంపౌండర్లు, నడుమ ఒకరిద్దరు పాస్టర్లు. చాక్‌పీసు, సూది పట్టిన చేతులే తప్ప మీట పట్టిన చెయ్యి లేదు. అందువల్ల మా నాయనకు నా ఉద్యోగాన్ని ఏ గదిలో పెట్టాలో తెలియలేదు. ఆయన హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు. "మీ పాప ఏం జేస్తాండాది సార్?" అని బజారులో ఎవరైనా అడిగితే "మెట్రోలో" అని, ఆ తర్వాత దగ్గేవాడు. దగ్గు అయిపోయేసరికి అడిగిన మనిషి వెళ్లిపోయేవాడు. మా అమ్మ ఇంకా తెలివైంది. "టికెట్లిస్తాదా?" అని పక్కింటావిడ తనే అంటే "ఊఁ" అని ఊరుకుంది. అలా జమ్మలమడుగులో నేను చాలా ఏళ్లు టికెట్లమ్మాను.

ఇంట్లో రోజూ సాయంత్రం కుటుంబ ప్రార్థన ఉంటుంది. అందులో నాకొక చోటు ఉంది. వానల తర్వాత, మా మేనత్త మోకాళ్ల నొప్పులకు ముందు. "ప్రభువా, మా బిడ్డను ఆ రైలు మీద నుంచి దించి, ఒక ఫ్యాను కింద, ఒక కుర్చీలో కూర్చోబెట్టుము." నేను సెలవులో ఇంటికొచ్చిన రోజుల్లో కూడా, నేను పక్కనే చాప మీద కూర్చుని ఉండగానే, మొహమాటం లేకుండా ఇదే అడిగేవాళ్లు. నేను కళ్లు మూసుకొని లోలోపల దానికి అడ్డం ప్రార్థన చేసేదాన్ని. ఒకే చాప మీద నుంచి రెండు దరఖాస్తులు పోయేవి.

నా రైలు మీద నుంచి నేనెందుకు దిగను? చెప్పడం కష్టమే. డ్రైవరు గదిలో ఒక్కదాన్నే ఉంటాను. ఎదురుగా పెద్ద అద్దం. సొరంగంలో నుంచి పైకి వచ్చేటప్పుడు ముందు ఒక నాణెమంత వెలుతురు, అది పళ్లెమంత, తర్వాత ఊరంతా. వెనక రైలంతా నిండా జనం, వాళ్లలో ఏ పెదనాయన అయినా సరే, నా వెనకే. మాకొక పద్ధతి ఉంది. ముందు సిగ్నలు కనబడితే చెయ్యి చాచి దాన్ని చూపించి, అదేం చెబుతోందో పైకి అనాలి. గదిలో వినేవాళ్లెవరూ లేకపోయినా అనాలి. కన్ను చూసింది నోరు చెబితే, చెవి విని, మనసు తప్పుదారి పట్టకుండా ఉంటుందని. ఈ అలవాటు నాకు ఎముకల్లోకి ఇంకిపోయింది. ఇంట్లో పొయ్యి ఆర్పి కూడా దానికేసి చెయ్యి చాచి "ఆరింది" అంటాను. మా అమ్మ మొదట భయపడింది, తర్వాత మా చర్చి అయ్యగారిని పిలిచి ప్రార్థన చేయించి, నుదుట నూనె రాయించింది.

ఇక ఆ సాఫ్ట్‌వేరు నా రైలు దాకా వచ్చిన సంగతి. కొత్త లైను వేసి, దాంట్లో డ్రైవరు లేని రైళ్లు నడుపుకుంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు. వాళ్లు మేము నడుపుతున్న పాత లైనునే మార్చడానికి పూనుకున్నారు. ప్లాట్‌ఫారాల అంచున గాజు గోడలు, వాటికి తలుపులు వచ్చాయి. పట్టాల పక్కన పెట్టెలు మొలిచాయి. మీటింగు పెట్టి ఒక పెద్దమనిషి "మీ పనిని సులభం చేస్తున్నాం" అన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు. మొదట రైలు తనంతట తను నడిచేది, నేను తలుపులు మాత్రం వేసేదాన్ని. తర్వాత తలుపులు కూడా అదే వేసుకునేది, నేను చేతులు ఒళ్లో పెట్టుకొని చూసేదాన్ని. అప్పుడు కూడా నేను చెయ్యి చాచి సిగ్నలు చెప్పడం మానలేదు. రైలును పరీక్షించడానికి నాతో ప్రయాణం చేస్తున్న కుర్ర ఇంజనీరు ఒకతను మర్యాదగానే అన్నాడు, "మేడమ్, దానికి మీ మాట వినబడదు" అని.

"నేను దానికి చెప్పడం లేదు" అన్నాను.

కొన్నాళ్లకు అసలు విషయం తేలింది. డ్రైవరు గదులు తీసేస్తారు. డ్రైవర్లను స్టేషన్లలో టికెట్ల కౌంటర్లకు పంపుతారు. కొద్దిమందిని మాత్రం రైళ్లలో అటెండెంట్లుగా ఉంచుతారు. రైలు ఎక్కడైనా మొరాయిస్తే మీట మీది మూత తీసి చేత్తో నడిపి స్టేషను చేర్చాలి, అదీ వాళ్ల పని. దానికొక పరీక్ష ఉంటుంది. మా సూపర్‌వైజరు నన్ను పిలిచి టీ ఇచ్చి, "నువ్వు కౌంటరు తీసుకో. ఆడవాళ్లుంటే జనం మర్యాదగా ఉంటారు" అన్నాడు. నా అనుభవంలో జనం మర్యాదగా ఉండేది నాకూ వాళ్లకూ మధ్య ఒక గోడ ఉన్నప్పుడే. టీ తాగి, పరీక్షకు పేరిచ్చి వచ్చాను.

ఆ రాత్రి ఇంటికి ఫోను చేసి, ఇట్లా డ్రైవరు గదులు తీసేస్తున్నారని మాత్రం చెప్పాను. మా నాయన బాధపడతాడేమో అనుకున్నాను. ఆయన గొంతు వినిపించింది, "స్తోత్రం!" అని. పక్కనుంచి మా అమ్మ, "ఫ్యానుంటాదంటనా?"

"స్టేషన్లలో ఏసీనే ఉంటుంది" అన్నాను. అదే నేను చేసిన పొరపాటు.

మా వాళ్లలో ఒక ఆచారం ఉంది. ప్రార్థన ఫలిస్తే ఊరుకోకూడదు, కృతజ్ఞత కూడిక పెట్టాలి. ఉద్యోగం వచ్చినా, ఆపరేషను మంచిగా జరిగినా, బోరులో నీళ్లు పడినా ఇంటి ముందు షామియానా వేసి, అయ్యగారిని పిలిచి, పాటలు పాడి, వాక్యం చెప్పించి, అందరికీ అన్నం పెట్టాలి. మేలు పొందిన మనిషి లేచి సాక్ష్యం చెప్పాలి. వారం తిరక్కుండా మా నాయన మళ్లీ ఫోను చేసి, "ఆదివారం కూడిక పెట్టుకున్నాం. నువ్వు రావాల, సాక్ష్యం నీదే" అన్నాడు. నా పరీక్ష ఆ తర్వాతి బుధవారం. ఉద్యోగం పోయినందుకు స్తోత్రం చెప్పడానికి సెలవు పెట్టి ఊరికి బయలుదేరిన మొదటి డ్రైవరును నేనే అయ్యుంటాను.

శనివారం ఉదయం పెదనాయనను తీసుకురావడానికి పులివెందులకు పోయాము. పిలిస్తే రాడు, పోయి తీసుకొస్తే వస్తాడు. కారులో పోయేటప్పుడు ముందు సీటులో నాయన చేతిసంచి కూర్చుంది. వచ్చేటప్పుడు పెదనాయన. బెల్టు వీపు వెనక టక్కుమంది. తొండూరు రాకముందే గురక.

నేను వెనక సీటులో నుంచి నా అలవాటు కొద్దీ చెయ్యి చాచి "ఎడమ పక్క బర్రెలు" అన్నాను. కాసేపటికి "ముందు ట్రాక్టరు, దీపాల్లేవు" అన్నాను.

డ్రైవరు కుర్రవాడు అద్దంలో నా వంక చూసి, "అక్కా, నాకూ కండ్లుండాయి" అన్నాడు.

"తెలుసప్పా. నీకు చెప్పడంల్యా."

"మరి ఎవురికి చెప్తాండావు?"

మా నాయన కల్పించుకొని, "ఆమెకు ఉద్యోగం అట్లాంటిది. ఇంగ ఈ ఒక్క ఆదివారం దాటితే పోతాదిలే" అన్నాడు, జ్వరం గురించి చెప్పినట్టు.

ముద్దనూరులో టీకి ఆగాము. దూరంగా బొగ్గు వ్యాగన్లతో ఒక గూడ్సు రైలు పోతోంది. పెదనాయనకు టీ వాసనకు మెలకువ వచ్చింది. గ్లాసు ఊదుకుంటూ రైలు వంక చూసి, "దానికన్నా డ్రైవరుండాడా పాపా, లేకుంటే అదీ దానంతటదే పోతాండాదా?" అన్నాడు.

"ఉండాడు పెదనాయనా."

"పాపం" అన్నాడు. ఎవరి గురించో అర్థం కాలేదు. "పోనీలే, నీకు మంచే జరిగింది. కుర్చీలో కూచ్చొని టికెట్లిచ్చేదానికి ఏం దరిద్రం? ఆ రైలు ముందర ఒక్క ఆడపిల్ల, ఏందది? మా ఆఫీసులో జీపు డ్రైవరును మేం కుర్చీలో కూడా కూచ్చోనిచ్చేవాళ్లం కాదు."

"మీ జీపులో ముందర ఎవరు కూచ్చునేవాళ్లు పెదనాయనా?"

"నేనే" అన్నాడు.

ఆదివారం సాయంత్రానికి ఇంటి ముందు షామియానా, ఎర్ర కుర్చీలు, మైకు అన్నీ వచ్చేశాయి. మా నాయన ప్రొద్దుటూరు నుంచి కేకు తెప్పించాడు. రైలు బొమ్మ వేయమని చెప్పాడట. బేకరీ వాళ్లకు తెలిసిన రైలు వేరు. కేకు మీద పెట్టెలను లాగుతున్న పొగగొట్టం ఇంజను, దాని కిటికీలో నుంచి టోపీ పెట్టుకొని బయటికి తొంగిచూస్తున్న మీసాల డ్రైవరు ఉన్నారు. మీసం చాక్లెట్టుతో వేశారు. నేను చాలాసేపు ఆ మనిషినే చూస్తూ నిలబడ్డాను. ఆ షామియానా కింద నా వైపు ఉన్నది అతనొక్కడే అనిపించింది.

పాటలయ్యాయి. అయ్యగారు వాక్యం చెప్పాడు. మంచి మనిషి, నాకు బాప్తిస్మం ఇచ్చింది ఆయనే. ప్రయాసపడే చేతులకు విశ్రాంతి గురించి చెబుతూ నా చేతుల వంక జాలిగా చూశాడు. తర్వాత కేకు. కత్తి నా చేతికిచ్చి మా నాయన చెవిలో, "ఇంజను కాడ కొయ్యి పాపా. అర్థముంటాది" అన్నాడు. నేను చివరి పెట్టె కోశాను. ఇంజను, డ్రైవరు చెక్కుచెదరలేదు. చప్పట్లు కొట్టారు, వెనక కూర్చున్నవాళ్లకు ఏది కోశానో కనిపించదు కదా.

"ఇప్పుడు మన సహోదరి సాక్ష్యం" అన్నాడు అయ్యగారు.

నేను మైకు తీసుకున్నాను. "అందరికీ వందనాలు" అన్నాను. అంతవరకూ అందరూ అనుకున్నట్టే జరిగింది.

"మా వాళ్లు ఇన్నేళ్లూ నాకోసం ఒకటే ప్రార్థన చేసినారు. అది ఫలించింది, నేను కాదనను. నన్ను ఒక్కదాన్ని రైలు దించమని అడిగితే ప్రభువు ఆ లైనులో ఉన్న డ్రైవర్లందర్నీ దించినాడు. మా నాయన ప్రార్థన అంత బలమైంది. ఈ సంగతి మిగతా డ్రైవర్ల ఇండ్లల్లో తెలిస్తే వాళ్లు జమ్మలమడుగుకు వస్తారు. కొంచెం జాగ్రత్తగా ఉండండి."

నవ్వారు. మా నాయన కూడా సగం నవ్వాడు. మిగతా సగం నన్ను చూసి ఆగిపోయింది.

"మీ ప్రార్థన అయిపోయింది. ఇప్పుడు నాదొకటుండాది. బుధవారం నాకు పరీక్ష ఉంది. రైలును చేత్తో నడిపే పరీక్ష. పాసైతే నేను రైల్లోనే ఉంటాను, లేకపోతే కౌంటరుకు పంపిస్తారు. నేను కౌంటరుకు పోను. పాసు కావాలని ఈ కూడికలో అందరూ ప్రార్థన చేయాల."

మా నాయన మైకు తీసుకోవడానికి కుర్చీలో నుంచి లేచాడు.

"పాపా, కూచ్చో" అన్నాడు మా నాయన.

"సాక్ష్యం మధ్యలో ఆపకూడదని నువ్వే గదా చెప్పినావు నాయనా."

ముందు వరుసలో మధ్య కుర్చీ నుంచి పెదనాయన లేచాడు. "అయ్యగారూ, ఇదేంది? అడిగింది ఇచ్చినందుకు స్తోత్రం చెప్పేదానికి వచ్చినాం. అన్నం వండుకున్నాం. ఇప్పుడు అదే మళ్లా వద్దని అడిగితే పైన ఉండేటాయన ఏమనుకోవాల?"

"నేనెప్పుడూ అడగలేదు పెదనాయనా. నేను అడిగేది వేరే, ఇన్నాళ్లూ మీరు మైకు ఇయ్యలేదు."

వెనక ఆడవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, అది ఏడుపుకో నవ్వుకో నాకు ఇప్పటికీ తెలియదు.

"అయినా మిషనే నడుపుతాంటే నువ్వెందుకమ్మా?" అన్నాడు పెదనాయన. "అది నీకంటే బాగా నడుపుతాదని వాళ్లే చెప్తాండారు గదా."

"బాగానే నడుపుతాది. నేను కాదనను. కానీ నువ్వు కార్లో బెల్టు వీపు వెనక నుంచి గుచ్చుతావే, ఆ బండి ఏమనుకుంటాది? నువ్వు బెల్టు పెట్టుకున్నావనే అనుకుంటాది. మా రైలుదీ అదే బుద్ధి. తలుపు పడిందని లోపల టక్కుమంటే చాలు, నమ్ముతాది. ఆ తలుపు సందులో ఒకామె చున్నీ కొస ఇరుక్కొనింటే అద్దంలో చూసి ఆపింది నేను. దానికి బట్ట కొస కనపడల్యా. మీరంతా నన్ను ఫ్యాను కింద కూచ్చోబెట్టాలని చూస్తాండారు. నాకు చెమట పట్టడంల్యా."

"ఆమేన్" అంది వెనక నుంచి ఒక గొంతు. మా పక్కింటావిడ. నేను టికెట్లమ్ముతానని ఇన్నేళ్లూ నమ్మినావిడ. ఆమె వెంట ఇంకో రెండు ఆమేన్లు వచ్చాయి.

అయ్యగారి పరిస్థితి ఇబ్బందిగానే ఉంది. ఇటు చూస్తే కూడిక పెట్టిన ఇంటి యజమాని, అటు చూస్తే సాక్ష్యం చెబుతున్న మనిషి, పక్కనే చల్లారుతున్న బిర్యానీ. కళ్లు మూసుకొని మొదలుపెట్టాడు. "పరలోకమందున్న తండ్రీ, ఈ బిడ్డ విషయంలో నీ చిత్తము ఎట్లుంటే అట్లే…"

"పరీక్ష పేరు చెప్పండి అయ్యగారూ" అన్నాను మెల్లగా. మైకు ఇంకా నా చేతిలోనే ఉండటంతో అది మెల్లగా వినబడలేదు.

ఆయన ఒక కన్ను తెరిచి మా నాయనను చూశాడు. మళ్లీ మూశాడు. "…బుధవారము నాడు జరుగు రైలు నడుపు పరీక్షలో ఈ బిడ్డ ఉత్తీర్ణురాలగునట్లు సహాయము చేయుము" అన్నాడు.

ఆమేన్ గట్టిగానే వచ్చింది. పెదనాయన అనలేదు. మా నాయన పెదవులు కదిలాయి కానీ ఏమన్నాడో తెలియదు, దగ్గాడు.

భోజనాల దగ్గర ఎవరూ ఆ మాట ఎత్తలేదు. పెదనాయన మాత్రం నాకు వినబడేలా పక్కాయనతో, "చదివిస్తే ఇట్లనే అవుతాదప్పా. చదివించకుంటే ఇంగా ఎక్కువ మాట్లాడుతారు" అన్నాడు. ఆయన ఆకులో కేకు ముక్క ఉంది. టోపీ, మీసం ఆయనకే వచ్చాయి. అందరికంటే ముందు వడ్డించేది ఆయనకే కదా.

మరుసటి రోజు మా నాయన నన్ను ఎర్రగుంట్ల దాకా తీసుకెళ్లి రైలెక్కించాడు. బస్సులో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాము. ప్రొద్దుటూరు దాటాక, "నీకు అంత ఏముండాది పాపా ఆ రైలు ముందర?" అన్నాడు.

"ఏమీ ఉండదు నాయనా. అదే బాగుంటాది."

ఎర్రగుంట్లలో రైలు కదిలేటప్పుడు చొక్కా జేబులో నుంచి మడిచిన ప్లాస్టిక్ కవరు తీసి కిటికీలో నుంచి ఇచ్చాడు. రైల్లో నాకు వాంతులు రావు, చిన్నప్పుడూ రాలేదు. తీసుకున్నాను.

పరీక్షకు వచ్చినవాళ్లలో ఆడమనిషిని నేనొక్కదాన్నే. సూపర్‌వైజరు నన్ను చూసి నిట్టూర్చాడు, ఈసారి టీ ఇవ్వలేదు. నేను ప్రతి సిగ్నలుకూ చెయ్యి చాచి, గట్టిగా చెప్పి, ఆపాల్సిన చోట ఆపి దిగాను. పాసయ్యాను. ఫోను చేసి చెబితే మా అమ్మ, "అయ్యగారి ప్రార్థనకు బలముండాది" అంది. ఇప్పుడు దీనికి కూడా కూడిక పెట్టాలా అని మా నాయన వెనక నుంచి అడగడం వినిపించింది. పెట్టలేదు.

కొన్ని నెలలకు లైను పూర్తిగా మారిపోయింది. డ్రైవరు గది గోడ తీసేశారు. అక్కడ అద్దానికి ఎదురుగా జనం కూర్చునే సీట్లు వేశారు. నా మీట, బొత్తాలు అన్నీ ఆ ముందు సీటుకు ఎదురుగా ఒక మూత కింద ఉన్నాయి. తాళంచెవి నా మెడలో. నేను పక్కన నిలబడతాను. రైలు దానంతటది పోతుంటుంది. జనం ఆ సీటు కోసం తోసుకుంటారు, ఫోన్లు తీసి సొరంగాన్ని వీడియో తీసుకుంటారు. ఏ పనీ లేకుండా నిలబడటమే నా పని. చెయ్యి చాచి సిగ్నలు చెప్పడం మాత్రం మానలేదు. కొందరు నేను వాళ్లకు దారి చూపిస్తున్నాననుకొని అటువైపు దిగబోతారు.

అప్పుడు పెదనాయన వచ్చాడు. కంటి ఆపరేషనుకు నగరానికి రావాల్సి వచ్చింది, తోడుగా మా నాయన. ఆపరేషనుకు ముందు రోజు నా డ్యూటీ సమయానికి ఇద్దరూ రైలెక్కారు. పెదనాయన ఎవరినీ అడగలేదు, నన్ను చూడలేదు, నేరుగా నడిచి ముందు సీటులో కూర్చున్నాడు. అందులో ఉన్న కాలేజీ పిల్ల ఎందుకు లేచిందో ఆ పిల్లకే తెలిసినట్టు లేదు. ఆయన వీపు వెనక చెయ్యి పెట్టి తడిమి, "బెల్టు యాడ?" అన్నాడు.

"లేదు పెదనాయనా."

"మంచిది."

నేను చూస్తూ ఉన్నాను. ఆయన నిద్రపోలేదు. నా జీవితంలో మొదటిసారి, కదిలే బండి ముందు సీటులో మా పెదనాయన కళ్లు తెరుచుకొని కూర్చున్నాడు. సొరంగం చివర నాణెమంత వెలుతురు పళ్లెమంత అయింది. "ఓర్నీ!" అన్నాడు. తర్వాత వెనక్కి తిరిగి, పెట్టె నిండా ఉన్న తెలుగు రాని జనానికి వినబడేలా, "డ్రైవరు ల్యాకుండానే పోతాండాది చూడు! ఈమె మా పాప. ఈమెకు ఈడ పని ల్యా" అన్నాడు. మా నాయన దగ్గాడు.

రెండు స్టేషన్ల మధ్య రైలు ఆగిపోయింది.

ముందు పట్టాల మీద తెల్లటిదేదో ఎగురుతోంది. పందిరి మీద కప్పే ప్లాస్టిక్ టార్పాలిన్ లాంటిది, ఎక్కడి నుంచో గాలికి కొట్టుకొచ్చింది. రైలు దాన్ని చూసి అడ్డం అనుకుంది. అనుకున్నాక దాన్ని ఒప్పించడం కష్టం. టార్పాలిన్ ఎగిరి గోడ అవతల పడ్డాక కూడా కదలలేదు. జనం ఫోన్ల నుంచి తలలెత్తారు. కంట్రోలు రూము నుంచి నా చేతిలోని వైర్‌లెస్‌లో మాట వచ్చింది: చేత్తో తీసుకో, నెమ్మదిగా వచ్చే స్టేషనుకు చేర్చు.

నేను మెడలోంచి తాళంచెవి తీశాను. మూత తెరవాలంటే ముందు సీటులో మనిషి లేవాలి.

ఇంట్లో అయితే "లెయ్యి పెదనాయనా" అనేదాన్ని. అసలు ఇంట్లో అయితే అనేదాన్నే కాదు. డ్యూటీలో ఉన్నాను కనుక, "లేవండి" అన్నాను.

"యాడికి?"

"వెనక్కి."

ఆయన కదలలేదు. నన్ను, నా యూనిఫారాన్ని, తాళంచెవిని చూసి, చివరికి మా నాయన వంక చూశాడు. ఇన్నేళ్లూ ఎవరు ఏమన్నా ఆయన చూసేది మా నాయన వంకే. మా నాయన ఎప్పుడూ నాకొక కవరు ఇచ్చి సర్దేవాడు. నేను ఆగాను. మా వెనక పెట్టెల నిండా జనం కూడా ఆగే ఉన్నారు.

మా నాయన ఈసారి దగ్గలేదు. "లెయ్యన్నా" అన్నాడు. "పాపకు పనుండాది."

పెదనాయన లేచాడు. మోకాళ్లు పట్టుకొని, రెండు విడతలుగా. మా నాయన ఆయన చెయ్యి పట్టుకొని వెనక కమ్మీ దగ్గర నిలబెట్టాడు. నేను ఆ సీటులో కూర్చుని మూత తెరిచాను. మీట చల్లగా ఉంది. పట్టాలు చూశాను. చెయ్యి చాచి, దారి ఖాళీగా ఉందని పైకి చెప్పాను. రైలు నెమ్మదిగా, నడిచే మనిషి వేగంతో కదిలింది. ఎదురుగా స్టేషను చిన్నగా కనిపిస్తోంది.

వెనక నుంచి, నా భుజం మీదుగా, మా పెదనాయన గొంతు వినిపించింది.

"సరే గానీ పాపా, మళ్లా ఎప్పుడు లేస్తావు?"